పాత స్ప్లెండర్ ఇంజనుకు ఆయిల్ లీకు: చోటు పట్టుకోవడం నుంచి సీలు మార్చేదాకా

1985లో వచ్చిన సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్, తర్వాత వచ్చిన ప్యాషన్... ఈ హీరో హోండా బళ్లన్నిటిలోనూ ఉన్నది దాదాపు ఒకే 97.2 సీసీ ఇంజను. పాతికేళ్లు దాటినవి కూడా పాల క్యాన్లు, ఎరువు బస్తాలు మోస్తూ ఇంకా తిరుగుతున్నాయి. అలాంటి బండి రాత్రి ఆపిన చోట పొద్దున్నే నల్లటి చుక్క కనపడితే ఇంజను పని అయిపోయిందని కంగారు పడనక్కర్లేదు. గట్టిపడిన రబ్బరు సీలో, ఎండిపోయిన ప్యాకింగో (రెండు భాగాల అతుకులో పెట్టే కాగితపు పొర), నలిగిపోయిన 'ఓ' రింగో (గుండ్రటి రబ్బరు చుట్ట) అయి ఉంటుంది. ఇంజను దించకుండానే ఇంటి దగ్గర మార్చుకోదగ్గ పనులే ఇందులో ఎక్కువ.

పని చెడేది రెండుచోట్ల. ఒకటి, ఆయిలు కారే చోటును సరిగ్గా పట్టుకోకుండా తడి కనపడ్డ చోటల్లా విప్పడం. రెండోది, లీకు ఆపడానికి బోల్టులు ఇంకాస్త బిగించడం. అల్యూమినియం కవరుకు ఉన్న 6 మి.మీ. బోల్టును బలం కొద్దీ తిప్పితే లీకు ఆగదు, మర పోతుంది. కవరు బోల్టుల దగ్గర లోపలికి లాక్కుని, రెండు బోల్టుల మధ్య కొద్దిగా లేస్తుంది. కొత్త ప్యాకింగ్ వేసినా ఆ మధ్యలోంచి మళ్లీ చెమ్మ వస్తుంది.

పానా పట్టకముందే రెండు విషయాలు

మొదట ఆయిలు మట్టం. బండిని చదునైన నేల మీద డబుల్ స్టాండు వేసి, మూడు నాలుగు నిమిషాలు ఐడిల్‌లో నడిపి ఆపండి. రెండు మూడు నిమిషాలు ఆగాక కుడివైపున్న డిప్‌స్టిక్ (మట్టం చూసే పుల్ల ఉన్న మూత) తీసి తుడవండి. మళ్లీ పెట్టేటప్పుడు మర తిప్పకుండా ఊరికే ఆనించి తీసి చూడాలి. తిప్పి బిగించి చూస్తే కొస ఎక్కువ లోతుకు దిగి, మట్టం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. అలా మోసపోయి తక్కువ ఆయిలుతో నడిపేవాళ్లున్నారు. దానికి ఉల్టా, లీటరు డబ్బా కొన్నాం కదా అని మొత్తం పోసేసేవాళ్లు ఇంకా ఎక్కువ మంది. ఈ ఇంజనుకు మామూలు ఆయిలు మార్పుకు 800 నుంచి 900 మిల్లీలీటర్లు చాలు. మిగతాది డబ్బాలోనే ఉంచాలి. ఎక్కువైన ఆయిలును లోపల తిరిగే క్రాంకు, గేర్లు చిలుకుతాయి, నురుగు లేస్తుంది, సీళ్ల మీద ఒత్తిడి పెరుగుతుంది. మట్టం పై గీత దాటి ఉంటే ముందు అదనపు ఆయిలు తీసేసి, రెండు రోజులు నడిపి చూడండి. లీకు దానంతటదే ఆగిపోవచ్చు.

రెండోది బ్రీదర్ గొట్టం. పిస్టన్ కిందికి దిగినప్పుడల్లా దాని కింద ఉన్న 97 సీసీ చోటు తగ్గుతుంది. నిమిషానికి 5,000 చుట్లు తిరిగే ఇంజనులో ఇది నిమిషానికి 5,000 సార్లు జరుగుతుంది. నలిగిన గాలి బయటికి పోవడానికే బ్రీదర్ గొట్టం ఉంది. కొన్ని బళ్లలో దాని రెండో కొసను కిందికి వదిలేస్తారు, కొన్నింట్లో ఎయిర్ ఫిల్టర్ డబ్బాకు కలుపుతారు. అది మూసుకుపోతే ఆ గాలి ఏ సీలు బలహీనంగా ఉంటే దాన్ని తోసుకుని ఆయిలుతో సహా బయటికొస్తుంది. గొట్టం ఎక్కడ నలిగిందో, ఎక్కడ కేబుల్ టై దాన్ని నొక్కేసిందో చెయ్యి పెట్టి కొస దాకా తడిమి చూడండి. చాలాకాలం కదలకుండా షెడ్డులో ఉన్న బండైతే కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టి ఉండొచ్చు. గొట్టం ఊడదీసి నోటితో ఊదితే గాలి సులువుగా పోవాలి. ఈ రెండూ చూడకుండా సీలు మారిస్తే కొత్త సీలు కూడా కొన్నాళ్లకే కారుతుంది.

ఆయిలు మట్టం పడిపోతోంది కానీ బయట చుక్క లేదు, సైలెన్సర్లోంచి నీలం పొగ వస్తోంది అంటే అది లీకు కాదు. ఆయిలు లోపల కాలిపోతోంది. రింగులు అరిగాయో, వాల్వు సీళ్లు పోయాయో తేల్చాలి. రింగులు బాగా అరిగిన ఇంజనులో మండిన గ్యాసు పిస్టన్ పక్కనుంచి కిందికి దిగి లోపలి ఒత్తిడిని పెంచుతుంది కాబట్టి, పొగా లీకూ రెండూ ఒకే బండిలో కనపడటం కూడా మామూలే. ఐడిల్‌లో డిప్‌స్టిక్ కొద్దిగా తీసి చూడండి. సింగిల్ సిలిండర్ ఇంజను కాబట్టి గాలి ఫుట్ ఫుట్ మని కొట్టడం సహజం. దట్టంగా పొగ తన్నుకొస్తే మాత్రం బోరు పని (అరిగిన సిలిండర్ బాగుచేయించడం) ఉన్నట్టే. సీళ్ల మీద డబ్బు పెట్టకముందే అది చూడాలి.

చోటు పట్టుకోవడం

ఈ పనిలో సగం కష్టం ఇక్కడే ఉంది. బండి నడుస్తుంటే కారిన ఆయిలును గాలి వెనక్కి నెడుతుంది, బరువు కిందికి లాగుతుంది. హెడ్డు (సిలిండర్ పై భాగం) మీది టాపెట్ క్యాప్ (వాల్వుల మీది మూత) కారితే తడి క్రాంక్‌కేసు (ఇంజను కింది డబ్బా) అడుగున కనపడుతుంది. చుక్క రాలిన చోటుకీ, ఆయిలు బయలుదేరిన చోటుకీ తరచుగా ఒక జానెడు దూరం ఉంటుంది. అందుకని తడిలో అన్నిటికన్నా పైన, అన్నిటికన్నా ముందున్న చోటును వెతకాలి.

1. ఇంజను పూర్తిగా చల్లారాక డీజిలులో ముంచిన బ్రష్షుతో ఫిన్నుల మధ్య, కవర్ల అంచుల వెంట, ముందు స్ప్రాకెట్ (చైనును తిప్పే పళ్ల చక్రం) చుట్టూ ఉన్న జిడ్డు, మట్టి మొత్తం వదిలించండి. పెట్రోలుతో కడగడం వాడుకలో ఉన్నా, దగ్గర్లో చిన్న నిప్పురవ్వ ఉన్నా ప్రమాదం. తర్వాత సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టండి. కార్బురేటర్, స్పార్క్ ప్లగ్ క్యాపుల్లోకి నీళ్లు కొట్టకండి.

2. పూర్తిగా ఆరాక, అనుమానం ఉన్న ప్రతి అతుకు మీదా మామూలు టాల్కం పౌడరు పల్చగా చల్లండి. ఇంజను కింద తెల్ల కాగితమో అట్టో పరచండి.

3. పది నిమిషాలు ఆరుబయట నడిపి ఆపండి. మూసిన షెడ్డులో నడపకండి, పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. పౌడరు ఎక్కడ తడిసి గోధుమ రంగుకు తిరిగిందో టార్చి వేసి చూడండి. ఏమీ కనపడకపోతే ఒక పది కిలోమీటర్లు తిప్పి మళ్లీ చూడండి. వేడెక్కి పల్చబడ్డాకే కారే లీకులు చాలా ఉంటాయి.

4. ఆపిన తర్వాత కారేది, నడుస్తుండగా కారేది వేరువేరుగా గమనించండి. బండి ఆగి ఉన్నప్పుడు కారితే ఆయిలు మట్టానికి కిందున్న చోటు: డ్రెయిన్ బోల్టు, కవరు అడుగు ప్యాకింగ్, షాఫ్టు సీళ్లు. నడుస్తున్నప్పుడే చెమ్మగిల్లితే హెడ్డు వైపు వెతకండి.

కారేది ఇంజను ఆయిలేనా అన్నది కూడా తేల్చుకోండి. పెట్రోలు కారితే వాసన పట్టిస్తుంది, పైగా ఆ చోట మట్టి కొట్టుకుపోయి శుభ్రంగా ఉంటుంది. ముందు స్ప్రాకెట్ కవరు కింద ఉండే నల్లటి ముద్ద చాలాసార్లు చైనుకు పూసిన గ్రీజే. అది చిక్కగా, ఇసుకతో కలిసి ఉంటుంది. ఇంజను ఆయిలు వేళ్ల మధ్య జారుతుంది.

ఎంత కారితే పట్టించుకోవాలి? సుమారు ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు. అతుకు దగ్గర చెమ్మగా ఉండి కింద చుక్క పడకపోతే తుడుచుకుంటూ పోవచ్చు. రాత్రికి రెండు మూడు చుక్కలైతే వారానికోసారి మట్టం చూసుకుంటూ తీరికగా చేసుకోవచ్చు. చుక్క వేడి సైలెన్సర్ మీద పడుతున్నా, చైను మీదుగా వెనక టైరుకు చిమ్ముతున్నా అది చిన్న లీకు కాదు, బండి తియ్యకండి. మలుపులో టైరు అంచుకు ఆయిలు తగిలితే ఎంత చెయ్యి తిరిగినవాడైనా పడతాడు.

ఏ వైపు తడికి ఏ అనుమానం

కుడివైపు: క్లచ్ కవరు ప్యాకింగ్, కిక్ రాడ్ షాఫ్టు సీలు, డిప్‌స్టిక్ ఓ రింగు. ఎడమవైపు: ముందు స్ప్రాకెట్ షాఫ్టు సీలు, గేరు షాఫ్టు సీలు, న్యూట్రల్ స్విచ్, మ్యాగ్నెట్ (క్రాంకు కొసన తిరిగే అయస్కాంతాల గిన్నె) వెనకున్న సీలు. ఎడమవైపు ఇవన్నీ ఒకే మూల నుంచి కారతాయి కాబట్టి కవరు విప్పకుండా ఇది అది అని చెప్పలేం. అడుగున: డ్రెయిన్ బోల్టు. పైన: రెండు టాపెట్ క్యాపులు, హెడ్డు పక్కనున్న గుండ్రటి మూత, డోమ్ నట్ల కింది వాషర్లు.

సిలిండర్‌కీ క్రాంక్‌కేసుకీ మధ్య, లేదా సిలిండర్‌కీ హెడ్డుకీ మధ్య గీతలా తడి ఉంటే అది బేస్ ప్యాకింగో, హెడ్ ప్యాకింగో. హెడ్డు దించాలి, క్యామ్ చైను టైమింగ్ మళ్లీ కలపాలి. ఈ వ్యాసంలో చెప్పే పనుల్లో అది లేదు.

కావాల్సినవి

8, 10, 12, 14, 17 నెంబరు రింగు పానాలు, 8, 10 నెంబర్ల టీ పానాలు, రబ్బరు సుత్తి, ప్లాస్టిక్ స్క్రేపరు లేదా గడువు తీరిన ఏటీఎం కార్డు, ఒక లీటరు పట్టే తట్ట, గరాటు, నూలు పోగులు రాలని గుడ్డ. పాత సీడీ 100ల్లో కవర్లకు స్టార్ స్క్రూలు కనపడతాయి. వాటిని మామూలు స్క్రూడ్రైవర్‌తో తిప్పితే తల అరిగిపోతుంది, ఇంపాక్ట్ స్క్రూడ్రైవర్ తెచ్చుకోండి.

ఆయిలు ఎస్‌ఏఈ 10డబ్ల్యూ-30, డబ్బా మీద జాసో ఎంఏ అని ఉన్నది. కారు ఆయిలు వద్దు. ఈ బండిలో క్లచ్ ప్లేట్లు అదే ఆయిలులో మునిగి ఉంటాయి, కార్ల ఆయిలులో కలిపే జారుడు రసాయనాలకు క్లచ్ జారుతుంది. పాత బండికి 20డబ్ల్యూ-40 పోస్తే లీకు కాస్త నెమ్మదిస్తుంది కానీ అది మందు కాదు.

సీలు కొనేటప్పుడు బండి మోడలు, సంవత్సరం చెప్పి, పాత సీలు కూడా చేతిలో పట్టుకెళ్లండి. సీలు మీద లోపలి కొలత, బయటి కొలత, మందం మూడు అంకెలుగా అచ్చు వేసి ఉంటాయి. కంపెనీ విడిభాగం దొరక్కపోతే హైదరాబాద్ రాణిగంజ్‌లోనో, విజయవాడ ఆటోనగర్‌లోనో కొలత చెప్పి తెచ్చుకోవచ్చు. ఇంజనులో వేసే సీలు వేడికీ ఆయిలుకూ తట్టుకునే రబ్బరుదై ఉండాలి. నీళ్ల కుళాయికి వాడే ఓ రింగు కొలత సరిపోయినా ఆయిలుకు ఉబ్బిపోవచ్చు.

తేలిక పనులు ముందు

టాపెట్ క్యాపు: చల్లటి ఇంజను మీద 17 నెంబరు రింగు పానాతో విప్పండి. ముందు క్యాపు చుట్టూ ఇసుక తుడిచెయ్యండి, లేకపోతే నేరుగా వాల్వుల మీద పడుతుంది. పాత ఓ రింగు ఒకవైపు బల్లపరుపుగా నలిగి ఉంటుంది. కొత్తదానికి ఆయిలు రాసి, మెలిక పడకుండా గాడిలో కూర్చోబెట్టి, చేత్తో ఆనేదాకా తిప్పి, పానాతో ఇంకొంచెం బిగిస్తే చాలు. ఇక్కడ ఆయిలును ఆపేది ఓ రింగు, బిగింపు కాదు. డిప్‌స్టిక్ ఓ రింగుకూ ఇదే పద్ధతి.

డ్రెయిన్ బోల్టు: ఆయిలు మార్చిన ప్రతిసారీ వాషరు మార్చాలి, ఎవరూ మార్చరు. కొత్త వాషరు వేసి 25 న్యూటన్ మీటర్ల దగ్గర, అంటే మామూలు పొడవు 17 నెంబరు పానాను ఒక చేత్తో గట్టిగా లాగినంత బిగించండి. ఎంత తిప్పినా బిగుసుకోకుండా తిరుగుతూనే ఉంటే మర పోయింది. దానికి టెఫ్లాన్ టేపు చుట్టి నెట్టుకొస్తారు. దారిలో బోల్టు ఊడితే నిమిషాల్లో ఇంజను పట్టేస్తుంది. లేతు షాపులో కొత్త మర వేయించి స్టీలు చుట్ట కూర్చోబెట్టించుకోండి.

క్లచ్ కవరు ప్యాకింగ్

ఎక్కువ మంది చెయ్యాల్సి వచ్చేదీ, ఎక్కువ మంది చెడగొట్టేదీ ఈ పనే. తీరికగా ఒక పూట పెట్టుకోండి.

ఇంజను గోరువెచ్చగా ఉండగా డ్రెయిన్ బోల్టు విప్పి ఆయిలు దించండి. తాళం ఆపేసి నాలుగుసార్లు కిక్ కొడితే మిగిలింది కూడా దిగుతుంది. పావుగంట వదిలెయ్యండి. ఈలోగా ఫుట్‌రెస్టు రాడ్డు, అడ్డొస్తే సైలెన్సర్ విప్పండి. సైలెన్సర్ విప్పితే హెడ్డు దగ్గర ఉండే గుండ్రటి ప్యాకింగ్ కూడా కొత్తది కావాలి. కిక్ రాడ్ బోల్టును సడలించడం కాదు, పూర్తిగా బయటికి తియ్యాలి. ఆ బోల్టు షాఫ్టు మీది గాడిలో దిగి ఉంటుంది, సగం విప్పి సుత్తితో కొడితే షాఫ్టు పళ్లు పాడవుతాయి. క్లచ్ కేబుల్‌ను హ్యాండిల్ దగ్గర వదులు చేసి, కవరు మీది చేతి నుంచి కొక్కెం తప్పించండి.

ఒక అట్ట ముక్క మీద కవరు ఆకారం గీసి, బోల్టు ఉన్న ప్రతి చోటా చిల్లు పెట్టండి. విప్పిన బోల్టును దాని చిల్లులోనే గుచ్చండి. బోల్టులన్నీ ఒకే పొడవు ఉండవు. పొడవైనది పొట్టిదాని చోట పెడితే అడుగు తగిలి, బిగిసినట్టే అనిపిస్తుంది కానీ కవరును నొక్కదు. పొట్టిది పొడవైనదాని చోట పెడితే రెండు మూడు చుట్ల మీదే భారం పడి మర లేచిపోతుంది. కొత్త ప్యాకింగ్ వేసిన వారానికే కారే బళ్లలో ఇదొక పెద్ద కారణం.

బోల్టులను ఎదురెదురుగా, అరచుట్టు చొప్పున సడలించి తియ్యండి. కవరు రాకపోతే రబ్బరు సుత్తితో అంచుల చుట్టూ తట్టండి. రెండు ముఖాల మధ్య స్క్రూడ్రైవరు దూర్చి మీటకూడదు. అక్కడ పడే గాటుకు ఏ ప్యాకింగూ సరిపోదు. కవరు వచ్చాక ఏ ముక్క ఎక్కడుందో ఫొటో తీసుకోండి. క్లచ్‌ను నొక్కే చిన్న ముక్కలు, కిక్ షాఫ్టు మీది వాషరు కవరుతోపాటే వచ్చేస్తుంటాయి. కవరును సరిగ్గా చోటులో నిలిపే డోవెల్ పిన్నులు కూడా జాగ్రత్త.

కవరు తీశారు కాబట్టి ఇంకో రెండు పనులు కలిసొస్తాయి. అడుగున గాడిలో జారి ఉండే తీగ జల్లెడను, ఏ అంచు ఎటుందో చూసుకుని లాగి, డీజిలులో కడిగి మళ్లీ అలాగే తొయ్యండి. క్రాంకు కొసన మూడు స్క్రూలతో గుండ్రటి మూత ఉంటుంది. అది తిరుగుతూ ఆయిలులోని మడ్డిని అంచులకు విసిరి పట్టే ఫిల్టరు. ఈ బళ్లలో ఎన్నో ఏళ్లుగా తెరవని ఫిల్టర్లలో బంకమట్టిలా నల్లటి పొర గడ్డకట్టి ఉంటుంది. గుడ్డతో తుడిచెయ్యండి, లోపలి సన్నటి ఆయిలు దారిలోకి మడ్డి తొయ్యకండి. దాని ప్యాకింగ్ కూడా కొత్తది వేస్తే మంచిది.

ఇప్పుడు పాత ప్యాకింగ్. కాగితం రెండు ముఖాల మీదా అతుక్కుని చిరిగి వస్తుంది. డీజిలో థిన్నరో రాసి పది నిమిషాలు నానబెట్టి ప్లాస్టిక్ స్క్రేపరుతో గీకండి. మొండికేసిన చోట బ్లేడు పూర్తిగా పడుకోబెట్టి నెట్టవచ్చు, నిలబెట్టి గీరితే గాటు పడుతుంది. ముక్కలు లోపల పడకుండా ఇంజను వైపు గుడ్డ కప్పండి. గోరుతో అంచంతా తడిమితే ఎక్కడా గరుకు తగలకూడదు. కవరు వంగిందని అనుమానముంటే మందపాటి అద్దం మీద 400 నెంబరు నీటి కాగితం పరచి, నూనె చుక్కలు వేసి, కవరు ముఖాన్ని దాని మీద ఎనిమిది అంకెలా తిప్పుతూ రుద్దండి. మెరిసిన చోట్లు ఎత్తు, మెరవని చోట్లు పల్లం. అంతటా సమంగా మెరుపు రాగానే ఆపేసి, పొడి మిగలకుండా కడగండి. ఇంజను వైపు ముఖం మీద మాత్రం నీటి కాగితం పెట్టకండి. ఆ పొడి బేరింగుల్లోకి పోతుంది.

కొత్త ప్యాకింగ్ పొడిగానే వెయ్యొచ్చు. ముఖం నున్నగా ఉంటే అదే మేలు. జారిపోకుండా ఉండాలంటే ఒకవైపు వేలితో గ్రీజు పల్చగా రాయండి. సిలికాన్ గమ్ము ప్యాకింగ్ అంతా పులమడం గ్యారేజీల్లో అలవాటుగా మారింది కానీ ఈ ఇంజనుకు అది హాని. బిగించినప్పుడు లోపలికి పొంగిన గమ్ము ఎండి, ముక్కలై ఊడి, ఇందాక కడిగిన జల్లెడ మీదే పేరుకుంటుంది. అప్పుడు పంపుకు ఆయిలు అందదు. క్రాంక్‌కేసు రెండు భాగాలు కలిసే అతుకు కవరు ముఖాన్ని దాటే చోట పెసరగింజంత గమ్ము పెడితే చాలు.

డోవెల్ పిన్నులు, ముక్కలు అన్నీ తమ చోట్లలో ఉన్నాయని ఫొటోతో సరిచూసుకుని కవరు నెట్టండి. చేత్తో నెడితే పూర్తిగా ఆనాలి. ఆనకపోతే లోపల ఏదో అడ్డుపడుతోంది, బోల్టులతో లాగకండి. కిక్ షాఫ్టును కొంచెం అటూఇటూ తిప్పితే పళ్లు కలుస్తాయి. బోల్టులన్నీ వేళ్లతో ఆనేదాకా తిప్పి, తర్వాత ఎదురెదురుగా మూడు విడతల్లో బిగించండి. కొలత 10 న్యూటన్ మీటర్లు. టార్క్ పానా లేకపోతే 8 నెంబరు టీ పానా పట్టి మణికట్టు బలం మాత్రమే వాడండి, భుజం బలం వద్దు.

కిక్ షాఫ్టు సీలు

దీనికి కవరు తియ్యనక్కర్లేదు. కిక్ రాడ్ తీశాక, సీలు రబ్బరులో సన్నటి కొక్కెం గుచ్చి మెల్లగా లాగండి. కొక్కెం షాఫ్టునూ, సీలు కూర్చునే గుంత గోడనూ గీరకూడదు. బండి నిటారుగా ఉన్నా కొద్దిగా ఆయిలు కారొచ్చు, తట్ట పెట్టుకోండి. షాఫ్టు పళ్ల మీద పల్చటి ప్లాస్టిక్ కవరు చుట్టి, దాని మీదుగా కొత్త సీలు జార్చండి. వట్టి పళ్ల మీద తోస్తే సీలు పెదవి (షాఫ్టును ఆనుకునే లోపలి అంచు) బ్లేడు తగిలినట్టు తెగుతుంది. తెగినట్టు కంటికి కనపడదు, మరుసటి రోజే కారుతుంది.

ఎడమవైపు: స్ప్రాకెట్, గేరు షాఫ్టు సీళ్లు

గేరు రాడ్ షాఫ్టు మీద ఏ పంటి దగ్గరుందో చుక్క పెట్టుకుని, 10 నెంబరు బోల్టు పూర్తిగా తీసి లాగెయ్యండి. ఎడమ కవర్లు విప్పి లోపలి మడ్డి కడిగి ఆరబెట్టి, మళ్లీ పౌడరు చల్లి, న్యూట్రల్‌లో కాసేపు ఇంజను నడపండి. న్యూట్రల్‌లోనూ చైను కొద్దిగా తిరగొచ్చు, దానికి దూరంగా ఉండండి. ఏ షాఫ్టు చుట్టూ తడి ఊరుతుందో అప్పుడు స్పష్టంగా కనపడుతుంది.

స్ప్రాకెట్ వెనక నుంచైతే వెనక చక్రం యాక్సిల్ నట్ సడలించి, చైను వదులు చేసి, స్ప్రాకెట్‌ను పట్టే పళ్లెం తాలూకు రెండు బోల్టులు తీసి చైనుతో సహా స్ప్రాకెట్ లాగండి. సీలు తియ్యకముందు షాఫ్టును పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడండి. కటకటమని ఆడితే బేరింగు అరిగింది. సీలు ఎన్నిసార్లు మార్చినా నిలవదు, ఎందుకంటే ఊగే షాఫ్టును రబ్బరు పెదవి వెంబడించలేదు. బేరింగు ఇలా కావడానికి ముఖ్య కారణం చైను మరీ బిగించడం. మనిషి కూర్చున్నాక, వెనక ఫోర్కు కదిలిన కొద్దీ చైను ఇంకా బిగుస్తుంది, ఆ లాగుడంతా ఈ షాఫ్టు మీదే పడుతుంది. కింది చైను మధ్యలో వేలితో ఎత్తితే పైకీ కిందికీ కలిపి సుమారు 25 మి.మీ. ఆడేలా ఉంచాలి.

పాత సీలు ఎంత లోతున ఉందో చూసుకుని కొక్కెంతో తియ్యండి. షాఫ్టు మీద గోరు అడ్డంగా నడపండి. పాత పెదవి రాసుకున్న చోట గాడి పడి గోరు ఆగితే, గుంతలో వీలుంటే కొత్త సీలును పాతదానికన్నా ఒక మిల్లీమీటరు ముందుగా ఆపండి. పెదవి నున్నటి చోట నడుస్తుంది. సీలులో సన్నటి స్ప్రింగు కనపడే ముఖం లోపలికి, అంటే ఆయిలు వైపుకు ఉండాలి. పెదవికి గ్రీజు, బయటి అంచుకు ఆయిలు రాసి, సీలు బయటి కొలతకు సరిపోయే సాకెట్టు గానీ పీవీసీ గొట్టం ముక్క గానీ ఆనించి, చిన్న చిన్న దెబ్బలతో సమంగా దించండి. ఒక పక్క దిగి ఇంకో పక్క లేస్తే ఆపి, తీసి, మళ్లీ మొదలుపెట్టండి. గేరు షాఫ్టు సీలుకూ ఇదే తీరు, దాని పళ్ల మీదా ప్లాస్టిక్ చుట్టడం మరవద్దు.

తడి మ్యాగ్నెట్ గిన్నెలోంచి వస్తుంటే దాని వెనకున్న ప్లేటు ఓ రింగులు, క్రాంకు సీలు మార్చాలి. మ్యాగ్నెట్‌ను దాని మరకు సరిపోయే పుల్లరుతో మాత్రమే లాగాలి. పుల్లరు లేదని సుత్తితో కొడితే అయస్కాంతాలు పగులుతాయి, క్రాంకు కొస దెబ్బతింటుంది. పుల్లరు అద్దెకో అరువుకో దొరక్కపోతే ఈ ఒక్క పనికి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.

పైపూతల సంగతి

ఎం-సీల్ ముద్ద జిడ్డున్న అల్యూమినియానికి పట్టదు, పట్టినా వేడికి అంచులు లేస్తాయి. తర్వాత కవరు విప్పాలంటే ఉలితో చెక్కాలి. పెట్రోలు ట్యాంకు చిల్లుకు బట్టల సబ్బు రుద్దే చిట్కా కొంతసేపు పనిచేస్తుంది కానీ ఇంజను వేడికి సబ్బు కరిగిపోతుంది. లీకు ఆపుతామనే డబ్బా మందులు గట్టిపడిన సీలును కొన్నాళ్లు ఉబ్బిస్తాయి, చిరిగిన ప్యాకింగ్‌ను ఏమీ చెయ్యలేవు. పొలం దారిలో చిక్కుకుంటే ఇల్లు చేరడానికి చెయ్యదగ్గది ఒకటే: మట్టం చూసి ఆయిలు కలుపుకుని నెమ్మదిగా రావడం.

ఆయిలు పోసి పరీక్షించడం

డ్రెయిన్ బోల్టు బిగించారని చెయ్యి పెట్టి చూసుకున్నాకే 800 మిల్లీలీటర్లు పొయ్యండి. కిక్ రాడ్‌ను తాళం ఆపి పదిసార్లు మెల్లగా తొక్కితే ఆయిలు పైకి ఎక్కుతుంది. తర్వాత స్టార్ట్ చేసి, రేజు చెయ్యకుండా మూడు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి, ఆపి, కాసేపాగి డిప్‌స్టిక్ ఆనించి చూసి, రెండు గీతల మధ్య పై వైపుకు వచ్చేదాకా కొద్దికొద్దిగా కలపండి. క్లచ్ కేబుల్‌కు లీవరు కొసన 10 నుంచి 20 మి.మీ. ఆట ఉంచండి. వెనక చక్రం విప్పి ఉంటే యాక్సిల్ నట్, బ్రేకు రెండూ సరిచూసుకున్నాకే రోడ్డెక్కండి.

ఇరవై కిలోమీటర్లు తిప్పి, రాత్రి తెల్ల అట్ట మీద ఆపండి. పొద్దున ఇంజను చల్లగా ఉన్నప్పుడు కవరు బోల్టులను ఒక్కసారి, అంతే మణికట్టు బలంతో తాకి చూడండి. కాగితపు ప్యాకింగ్ మొదటి వేడికి కాస్త నలుగుతుంది కాబట్టి ఒకటి రెండు కొద్దిగా కదలొచ్చు. ఆ తర్వాత మళ్లీ ముట్టుకోకండి. మొదటి రోజు ఒకటి రెండు చుక్కలు పడితే అది ఫుట్‌రెస్టు రాడ్డు సందుల్లో మిగిలిన పాత ఆయిలై ఉండొచ్చు. తుడిచి ఇంకో రాత్రి చూడండి. మూడో రోజూ అదే చోట చుక్క పడితే మళ్లీ పౌడరు చల్లండి. మార్చిన సీలు దగ్గరే తడి ఉంటే పెదవి తెగింది, వేరే చోట ఉంటే మొదటి లీకు తడిలో దాగిన రెండో లీకు ఇప్పుడు బయటపడింది.

దించిన పాత ఆయిలును మురిక్కాలువలోనో చెట్టు మొదట్లోనో పొయ్యకండి. కొత్త ఆయిలు ఖాళీ డబ్బాలోకే ఒంపి మూత పెట్టి, వాడిన ఆయిలు పోగుచేసే సర్వీసు సెంటర్‌లో ఇచ్చెయ్యండి.